తులశమ్మ చేలో దిగిన విమానం

అనగనగా, మిరపచేల నడుమ ఒక ఊళ్ళో, ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దది తులశమ్మ, చిన్నది నాంచారి. ఊ కొట్టాలి మరి, కొట్టకపోతే ఆపేస్తా.

నాంచారి కాపురానికి రాకముందు ఊరంతా తులశమ్మ మాటే. ఆవిడ గోంగూర పచ్చడి కోసం పొరుగూరి వాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. నాంచారేమో మోటారు మెకానిక్కు కూతురు. వచ్చీరాగానే గొడ్లపాకలో విమానం కట్టడం మొదలెట్టింది. గొట్టాలు తెచ్చింది, గొట్టాలకి గుడ్డ చుట్టింది, గుడ్డకి రంగు పూసింది, రంగు ఆరాక రెక్కలు బిగించింది. రెండేళ్ళు పట్టిందిలే. ఇంక వచ్చినవాళ్ళు వచ్చినట్టు పాకలోకే. పచ్చడి అడిగే దిక్కు లేదు. మామగారు కూడా అన్నం ముందు కూచుని చిన్నకోడలి ఇంజను సంగతే చెప్పేవాడు. వడ్డిస్తున్న తులశమ్మకి కడుపులో సెగ.

ఎగిరే రోజు దగ్గరపడింది. అక్కా, పైన ఇంజను మొరాయిస్తే దిగడానికి నీ జొన్నచేను ఖాళీగా ఉంచవా అని నాంచారి అడిగింది. కోత అయిపోయిన చేనే. ఈవిడ సరేనందా? అనలేదు. ఎగిరే రోజు పొద్దున్నే వెళ్ళి చేలో అడ్డంగా వెదురుగుంజలు పాతింది. ఎందుకే అని దారిన పోయేవాళ్ళు అడిగితే, చీరలారేసుకోడానికంది. అదీ బుద్ధి.

ఊ కొడుతున్నారా?

విమానం లేచింది. ఊరంతా మెడలెత్తి చూస్తుంటే తులశమ్మ ఒక్కతే చేలో నిలబడి, దీని పొగరు దిగాలి, ఆ ఇంజను ఆగాలి అనుకుంది. అనుకుందో లేదో, పైన చప్పుడు నిజంగానే ఆగిపోయింది. చుట్టూ మిరపతోటలు, కాలవ, కరెంటు తీగలు. దిగడానికి ఆ ఒక్క చేనే. విమానం ఇటే తిరిగింది.

తులశమ్మ గుంజల వంక చూసింది. పరుగున పోయి ఒక గుంజ పీకింది, ఇంకోటి పీకింది, అరచేతులు చీరుకుపోయినా పీకింది. చివరిది ఎంతకీ రాదే. దాన్ని కావలించుకుని లాగి, గుంజతో సహా వెల్లకిలా పడింది. ఆవిడ మీదుగా పోయి విమానం నేలకి తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలి, ఓ చక్రం ఊడగొట్టుకుని గట్టు దగ్గర ఆగింది.

నాంచారి దిగింది. పెట్రోలు గొట్టంలో నలక అడ్డుపడిందట. తులశమ్మ దాచుకోలేకపోయింది.

"నువ్వు పడాలనే అనుకున్నానే. ఈ గుంజలు నీకోసమే పాతాను."

నాంచారి పీకిపడేసిన గుంజల వంక చూసింది. తులశమ్మ అరచేతుల్లో నెత్తురు చూసింది.

"పాతిన చేత్తోనే పీకావు కదక్కా. రెండ్రోజులు మాత్రం నాతో మాట్లాడకు," అంది.

మూడోనాడు తనే పిలిచి, ఈ చక్రం కాస్త పట్టుకో అక్కా అంది. చక్రం బాగయ్యాక ఇద్దరూ కలిసే ఎగిరారు, కింద మామగారు చేతులూపుతుంటే.

తులశమ్మ అసూయ అంతటితో పోయిందా? పోలేదు నాన్నా, అప్పుడప్పుడూ పొడిచేది. పొడిస్తే పొడవనీ, ఎదుటివాళ్ళ దారికి మాత్రం అడ్డం కట్టకండి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లోకి.