ఊడిరాని స్టీరింగు

ఈరప్ప స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు ఏదో ఒక పని చెప్పేవాడు. పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్లలో సగంమంది ప్రశ్న మరిచిపోయేవారు. మిగిలినవాళ్లకు ఆయన జవాబు చెప్పేవాడంటారు కానీ, ఆ జవాబు ఫలానా అని గట్టిగా చెప్పగలిగినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. బేతంచెర్ల దాటాక నాపరాతి గనుల పక్కన ఉండేది ఆయన మఠం. మఠమంటే రెండు గదులు, ఒక వంటసాల, ఒక రేకుల షెడ్డు. స్వామి కాకముందు ముప్పై ఏళ్లు గనుల లారీలు బాగుచేసిన మనిషి కనుక, షెడ్డులో పానాలూ సుత్తులూ అప్పటిలాగే గోడకు వేలాడుతుండేవి.

ఒక ఆదివారం పొద్దున్నే మద్దిలేటి వచ్చాడు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు, స్వామికి ఎనిమిదేళ్లుగా శిష్యుడు. దండం పెట్టి, చాప మీద కూర్చోనైనా కూర్చోకుండా అడిగాడు.

“సామీ, ఎంత చేసినా కదలని మనిషిని ఏం చేయాల?”

కదలని మనిషి ఆయన తమ్ముడు కంబగిరి. బనగానపల్లెలో పిండిమిల్లు నడుపుకుంటాడు. మూడేళ్ల కిందట తండ్రి దినాల నాడు, బంధువులంతా విస్తళ్ల ముందు కూర్చున్నాక, మద్దిలేటి ఒక మాట అన్నాడు. “నాయన మంచంలో ఉన్నన్నాళ్లు చూసుకున్నది నేను. నువ్వు భోజనానికి వచ్చినావు.” కంబగిరి కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచిపోయాడు. మళ్లీ అన్న గడప తొక్కలేదు. ఇప్పుడు మద్దిలేటి కూతురికి పెళ్లి కుదిరింది. ముహూర్తం తొమ్మిది రోజుల్లో ఉంది. చిన్నాయన రాకపోతే పీటల మీద కూర్చోనని పిల్ల భీష్మించుకుంది.

“ఆరుసార్లు పోయినాను సామీ. పోయినప్పుడల్లా అరగంట నిలబడి విడమరిచి చెప్పినా. ఆ మాట ఏ సందర్భంలో అన్నానో, ఎందుకు అనాల్సి వచ్చిందో, అందులో నా తప్పు ఎంతో వాడి తప్పు ఎంతో, అన్నీ చెప్పినా. వాడు మిల్లు ఆపడు. ఆ చప్పుడులోనే నేను గొంతు చించుకోవాల. వస్తాననడు, రాననడు. ఇంత వయసొచ్చి ఇంకా ఎన్నిసార్లు తిరగమంటారు?”

స్వామి అంతా విన్నాడు. “జీపు స్టీరింగు పగిలింది. పట్టుకుంటే చేతులు కోస్తాంది. వేరేది తెచ్చిపెట్టినా. పాతది ఊడదీయి,” అన్నాడు.

మద్దిలేటికి చిరాకు కలిగింది. అయినా ఎనిమిదేళ్ల అలవాటు. చొక్కా విప్పి మేకుకు తగిలించి షెడ్డులోకి నడిచాడు.

ఆ జీపు వయసు మద్దిలేటి ఉద్యోగం వయసుకన్నా ఎక్కువ. గని యజమాని ఒకాయన వాడుకున్నన్నాళ్లు వాడుకుని మఠానికి ఇచ్చేశాడు. బియ్యం, తాగే నీళ్లు దాంట్లోనే వచ్చేవి. దాని స్టీరింగు ఎన్నడూ ఊడదీసిన జాడ లేదు. నడుమనున్న హారన్ మూత తీస్తే లోపల తుప్పు పట్టిన పెద్ద నట్టు కనిపించింది. స్వామి వెనకనుంచి వంగి చూసి, “నట్టు వదులు చేయి, పూర్తిగా తీయొద్దు. నాలుగు చుట్లు ఉండనీ,” అని చెప్పి, పక్కకు పోయి కంది కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

నట్టు వదులు చేయడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత మద్దిలేటి సీట్లో కూర్చుని స్టీరింగును రెండు చేతులా పట్టుకుని తన వైపుకు లాగాడు. అది రాలేదు కానీ హారన్ మోగింది. మూత తీసిన చోట వైరు ఎక్కడో ఇనుముకు తగులుతున్నట్టుంది. ఇంకోసారి లాగాడు. ఇంకోసారి మోగింది. వంట చేసే సుంకమ్మ, ఎవరో వచ్చారనుకుని చేయి తుడుచుకుంటూ బయటికొచ్చి రోడ్డు వైపు చూసింది. ఎవరూ లేరు. లోపలికి పోయింది. మద్దిలేటి లాగాడు. ఆమె మళ్లీ వచ్చింది.

“అయ్యా, పప్పు మాడుతుంది. పిలిస్తే పిలవండి, లేకుంటే లేదు,” అంది.

“నేను పిలవడం లేదమ్మా,” అన్నాడు మద్దిలేటి. ఆయన గొంతులో, తొమ్మిదో తరగతి వెనక బెంచీని మందలించేటప్పటి బిగువు వినిపించింది.

స్వామి తలెత్తకుండానే, “బ్యాటరీ వైరు తీయలేదా?” అన్నాడు. తీయలేదు. తీస్తే హారన్ ఆగింది. స్టీరింగు మాత్రం రాలేదు. స్వామి చెప్పినట్టు నట్టు చుట్టూ కిరసనాయిలు పోశాడు. మోకాళ్లు స్టీరింగు కిందనుంచి ఆనించి పైకి ఎత్తాడు. మోకాళ్లు నొప్పిపుట్టాయి. సుత్తి తీసుకుని నడిమి కడ్డీ మీద ఒక్కటి గట్టిగా వేశాడు. “దాన్ని కొట్టొద్దు. మొన విచ్చుకుంటే కొత్తది దిగదు,” అన్నాడు స్వామి.

“ఇట్లాంటివి లాగడానికి పుల్లరని ఒకటుంటుందంట కదా, సామీ.”

“ఉండేది. తీసుకపోయినవాడు తేలేదు. అది ఉంటే నిన్నెందుకు కూర్చోబెడతా?”

పదకొండు దాటింది. షెడ్డు రేకులు కాగి కింద కూర్చున్నవాళ్లను ఉడకబెట్టసాగాయి. మద్దిలేటి బనియను వీపుకు అంటుకుపోయింది. అప్పుడు స్వామి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన లాగలేదు. స్టీరింగు ఎడమ అంచును ముందుకు నెట్టి, కుడి అంచును వెనక్కి తెచ్చాడు. తర్వాత అటుది ఇటు, ఇటుది అటు. చెక్క ముక్క అడ్డం పెట్టి నడిమి బొడ్డు చుట్టూ చిన్న చిన్నగా తట్టాడు. ఇంకాస్త కిరసనాయిలు పోశాడు. ఊరికే కూర్చున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చూడటానికి పసిబిడ్డ ఉయ్యాల ఊపుతున్నట్టుంది. అంగుళంలో పదో వంతైనా కదిలిందని మద్దిలేటికి అనిపించలేదు. ఒళ్లు మండిపోయింది. బడిలో తొమ్మిదివందలమంది పిల్లలను నడిపే మనిషి, ఇంట్లో పెళ్లి పెట్టుకుని, పత్రికలు సగం పంచి, ఇక్కడ ఒక పాత ఇనుప చక్రం ముందు ఆదివారం తగలేస్తున్నాడు.

“ఇట్లా ఊపుకుంటా కూర్చుంటే పెళ్లి కూడా అయిపోతుంది సామీ,” అన్నాడు.

“అది రాదని లాగుతాండావు. వస్తే ఏం చేస్తావో చూసుకున్నావా?” అన్నాడు స్వామి. మద్దిలేటికి అది జవాబులాగా వినిపించలేదు. వచ్చాక చేసేదేముంది, పక్కన పెట్టడమే కదా అనుకున్నాడు.

స్వామి స్నానానికి లేచిపోయాడు. ఆయన మరుగు కాగానే మద్దిలేటి పానా అందుకున్నాడు. ఆ నాలుగు చుట్లే అడ్డం పడుతున్నాయని ఆయనకు తోచింది. నట్టు పూర్తిగా తిప్పి తీసి సీటు పక్కన పడేశాడు. రెండు కాళ్లూ ఎదుటి రేకుకు తన్నిపెట్టి, ముందుకు వంగి, మూడేళ్ల విసుగంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు.

స్టీరింగు వచ్చింది. పట్టు అన్నదే లేనట్టు ఒక్కసారిగా వచ్చి, ఆయన నోటికి తగిలింది. తల వెనక్కి పోయి సీటు వెనకున్న కమ్మీకి కొట్టుకుంది. పొద్దున్నుంచి రాని వస్తువు ఒళ్లో పడి ఉంటే, గడ్డం మీదుగా నెత్తురు కారుతుంటే, కాసేపు ఆయనకు ఏం జరిగిందో అర్థం కాలేదు.

సుంకమ్మ పసుపు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. స్వామి తడి తువ్వాలుతో వచ్చి, పన్ను కదులుతోందేమో వేలుపెట్టి చూశాడు. కదలలేదు. పై పెదవి మాత్రం చీలి, నిమిషాల్లో వంకాయంత అయింది. నట్టు సంగతి స్వామి ఎత్తలేదు. కింద పడి ఉన్న దాన్ని వెదికి తీసి, తుడిచి, కిటికీలో పెట్టాడు.

“బస్సు మూడింటికి. బనగానపల్లె మీదుగానే పోతుంది,” అన్నాడు.

ఈ మొహంతోనా అని మద్దిలేటి అడగబోయాడు. పెదవి అడ్డం వచ్చి మాట బయటికి రాలేదు. అసలే కోపంగా ఉన్నాడు. తమ్ముడి మీద, జీపు మీద, నిజం చెప్పాలంటే గురువు మీద కూడా. ఆ కోపంతోనే బస్సెక్కాడు.

మిల్లు నడుస్తోంది. కంబగిరి కనుబొమ్మల మీద పిండితో, గోనెసంచి నోరు పట్టుకుని ఉన్నాడు. అన్నను చూసి ఎప్పటిలాగే తల తిప్పుకున్నాడు. మద్దిలేటి గడప దగ్గర నిలబడ్డాడు. దారిపొడుగునా చెప్పాల్సినవన్నీ వరుసగా పేర్చుకునే వచ్చాడు, కానీ ఆ పెదవితో ఆ చప్పుడులో ఒక్కటీ చెప్పే వీల్లేదు. ఊరికే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఎప్పుడూ ఈపాటికి మొదలయ్యే ఉపన్యాసం మొదలు కాకపోయేసరికి కంబగిరి ఇటు తిరిగి చూశాడు. చూసి, సంచి కింద పెట్టి, పోయి స్విచ్చి ఆపేశాడు. బెల్టు కాసేపు తిరిగి తిరిగి ఆగింది.

“మూతికేమైంది?” అన్నాడు.

మూడేళ్ల తర్వాత మొదటి మాట అది. మద్దిలేటి చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు చూపించి, లాగినట్టు చూపించి, మూతి చూపించాడు. కంబగిరి నవ్వలేదు. లోపలికి పోయి చెంబుతో చల్లటి నీళ్లు, శుభ్రమైన గుడ్డ తెచ్చాడు. అన్నను పిండి బస్తా మీద కూర్చోబెట్టి, గుడ్డ తడిపి పెదవి మీద పెట్టి పట్టుకున్నాడు. “నాయన మాదిరే. ఏదీ నిదానంగా చేయవు,” అన్నాడు. మద్దిలేటి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెదవి మంట వల్ల కావచ్చు. తమ్ముడి మణికట్టు పట్టుకుని, “ఆ పొద్దు అట్లా అనకుండాల్సింది,” అన్నాడు. వాచిన నోట్లోంచి ఆ నాలుగు మాటలూ నత్తి నత్తిగా వచ్చాయి. ఆ తర్వాత చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉన్నాయి కానీ, నోరు అంతకంటే ఒప్పుకోలేదు. కంబగిరి గుడ్డ ఇంకోసారి తడిపి పెట్టాడు. బస్సు దాకా వచ్చి నిలబడి, బస్సు కదిలాక వెనక్కి పోయాడు.

మర్నాడు బడికి పోయే ముందు మద్దిలేటి మఠానికి వచ్చాడు. స్వామి కొత్త స్టీరింగు దించి నట్టు బిగిస్తున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, మద్దిలేటి చివర్న నొచ్చుకున్నాడు.

“పెళ్లి మాట ఎత్తలేకపోయినా సామీ. అన్నీ సరిగ్గా చెప్పాల్సింది. నోరు తిరగలేదు. రెండు రోజులు ఆగితే వాపు తగ్గుతుంది, అప్పుడు పోయి బాగా మాట్లాడతా.”

స్వామి పానా ఇంకో పట్టు తిప్పి, చేయి తుడుచుకున్నాడు.

“మానకముందే పోయిరా,” అన్నాడు.