మైలమ కొలతదారం

అనగా అనగా, అలలను లెక్కపెట్టే తీరిక మనుషులకింకా మిగిలి ఉన్న కాలంలో, తూర్పు సముద్రపుటొడ్డున శంఖవేల అనే రేవుపట్టణం ఉండేది. ఆ పట్టణంలో వెన్నిశెట్టి అనే మిరియాల వర్తకుడు ఉండేవాడు. అతని ఇల్లాలు కుందమ. వారి ఒక్కగానొక్క బిడ్డ మైలమ. అయిదేండ్ల పిల్ల. రెండు కాళ్లతో నడవడమంటే ఆ పిల్లకు పడదు. ఎక్కడికైనా ఒంటికాలిమీద గెంతుతూనే పోయేది.

శంఖవేలలో ఒక ఆచారం ఉండేది. ఇంటివాడు ఓడ ఎక్కేనాడు ఇల్లాలు పసుపు రాసిన నూలుదారం ఒకటి అతని చేతిలో పెట్టేది. ఆ దారంలో బిడ్డ కొలతలు ఉండేవి. కొసనుంచి మొదటి ముడివరకు బిడ్డ ముంజేతి చుట్టుకొలత. అక్కడినుంచి రెండవ ముడివరకు బిడ్డ పాదం పొడవు. ఈ కొసనుంచి ఆ కొసకు దారమంతా బిడ్డ ఎత్తు. ఓడమీది మగవారు పరదేశపు అంగళ్లలో ఆ దారం చాచి చూపి, ఇంటికి కానుకలు తెచ్చుకొనేవారు. ఇల్లు చేరగానే దారాన్ని తులసిమొక్క మొదట పూడ్చిపెట్టాలి. మరో ప్రయాణానికి మరో దారం. అది నియమం.

ఆ ఏడు ఓడలు చిత్రావళీనగరానికి బయలుదేరాయి. ఆ నగరం సముద్రానికి ఆవలిగట్టున ఉంది. ఓడలు నాలుగేండ్లకొకసారి మాత్రమే అక్కడికి పోయేవి. గాలి మళ్లగానే తిరిగివచ్చేవి.

రేవులో మైలమ తండ్రి పంచె పట్టుకొని, తల వెనక్కి వాల్చి, అతని ముఖంలోకి చూసింది.

"నాయనా, నాకేం తెస్తావు?"

"ఏం కావాలి తల్లీ?"

"గాజులు. పావడా. చెప్పులు."

"అంతేనా! ఈ రేవులో ఎవరికీ లేని గాజులు, ఎవరికీ లేని పావడా, ఎవరికీ లేని చెప్పులు తెస్తాను."

ఆ పిల్ల అడిగింది గాజులే. ఎవరికీ లేని గాజులు కావాలని అడగలేదు.

చిత్రావళీనగరంలో వింతలవీధి అని ఒక వీధి ఉండేది. ఊదితే కోయిలలా కూసే మట్టిపిట్టలు, తాడు లాగితే ఎగబాకే చెక్కకోతులు, వద్దంటూ తల ఊపే బొమ్మలు, గవ్వల పెట్టెలు, చేపపొలుసుల విసనకర్రలు ఆ చివరనుంచి ఈ చివరకు వరుసగా తీర్చి ఉండేవి. పని ముగిసిన నావికులందరూ పిల్లల్లా ఆ వీధిలో పడి తిరిగేవారు. వెన్నిశెట్టి కూడా తిరిగాడు. తల ఊపే బొమ్మను చూసి పకపక నవ్వాడు. ఒక మట్టిపిట్టను తానే ఊది చూశాడు.

అతని వెంట ఓడ వంటవాడు బాచన ఉన్నాడు. బాచనకు మైలమ ఈడు కూతురుంది. పేరు పోలమ. బాచన వచ్చీరాగానే ఒక మట్టిపిట్టను కొని పంచెకొంగున కట్టుకొన్నాడు.

"ఏమోయ్ బాచనా! ఇంత సముద్రం దాటివచ్చి మట్టిపిట్టనా కొనేది? మూడునాళ్లకు పగిలిపోదూ?"

"పగులుతుంది శెట్టిగారూ. పగిలి మా పోలమ ఏడ్చేనాటికి నేను ఇంట్లోనే ఉంటాను గదా, ఓదార్చుకొంటాను!"

వెన్నిశెట్టి నవ్వి, గాజుల అవ్వ అంగడికి పోయి దారం చాచాడు. అవ్వ మొదటి ముడివరకు కొలిచి, తళతళలాడే గాజులు ఆరు ముందు పోసింది.

"ఇటువంటివి మా ఊళ్లోనూ ఉన్నాయవ్వా. ఒక్కొక్క గాజుమీద ముప్పదిరెండు పక్షులు, ఏ పక్షికాపక్షి వేరుగా చెక్కి ఉండాలి."

"చెక్కుతాను నాయనా. రెండు నెలలు పడుతుంది."

ఓడలు ఏడవనాడు బయలుదేరుతాయి. వెన్నిశెట్టి గడ్డం నిమురుకొన్నాడు. అవ్వ అతనివంక చూసి మెల్లగా అడిగింది.

"నీకు పక్షులు కావాలి, సరే. మరి నీ పిల్ల చేయి పెరగకుండా ఆగుతుందా?"

"నా ఇల్లాలు తన చేత్తో కట్టిన ముడి అవ్వా ఇది. తప్పదు."

ఏడవనాడు బాచన రేవులో అతని చేయి పట్టుకొని బతిమాలాడు. "రండి శెట్టిగారూ. మీ ఇంటికి పోయి ఏం చెప్పమంటారు?"

"ఎవరికీ లేనివి తెస్తున్నానని చెప్పు."

ఓడలు పోయాయి. గాజులు సిద్ధమయ్యాయి. ఒక్కొక్క పక్షి ఎగిరిపోతుందేమో అన్నట్టుండేది. వెన్నిశెట్టి వాటిని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచాడు. మిరియాలు అమ్ముతూ, దారాన్ని మణికట్టుకు చుట్టుకొని, నాలుగేండ్లు గడిపాడు. సముద్రంవైపు చూసినప్పుడల్లా అతని కళ్లముందు అయిదేండ్ల మైలమ వాకిట ఒంటికాలిమీద గెంతుతూనే ఉండేది. ఆ పిల్లకు ఒక్కరోజు వయసు కూడా పెరగలేదు.

ఓడలు రెండవసారి వచ్చాయి. వెన్నిశెట్టి అప్పటికి ఒక నేతగాడి మగ్గం ముందు కూర్చొని ఉన్నాడు. సముద్రపు రంగు పట్టుమీద, అంచు పొడుగునా శంఖవేల రేవు, ఓడలు, తీరాన నిలిచిన మనుషులు. సగం నేత అయింది. మిగిలిన సగానికి మరి నాలుగు నెలలు కావాలి.

బాచన వెతుక్కుంటూ వచ్చి పసుపుదారపు ఉండ ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"అమ్మగారు పంపించారు. మరో పని పెట్టుకోకముందే విప్పి చూడమన్నారు. మరీమరీ చెప్పారు."

వెన్నిశెట్టి ఉండను అరచేతిలో తూచినట్టు ఆడించాడు. మునుపటిదానికంటే బరువుగా ఉంది. అందులో ఉన్న పిల్ల ఎవరో పొడుగుపాటి పిల్ల. తన కళ్లముందు గెంతే పిల్ల కాదు.

"ఇందులో ఏముందో నాకు తెలుసులేవోయ్. పిల్ల పెరిగిందని ఉంటుంది. ఇప్పుడు ఇది విప్పితే గాజులు పగలగొట్టాలి, మగ్గంమీది పట్టు కోసెయ్యాలి. పాత కొలతకే మూడూ పూర్తికానీ, తరువాత చూద్దాం."

నేతగాడు కండె ఆపి తల ఎత్తాడు. "అయ్యా, తొడిగేదానికి నేస్తున్నానా, దాచేదానికి నేస్తున్నానా?"

"నువ్వు నెయ్యవయ్యా. ప్రశ్నలు తరువాత."

కొత్త దారం విప్పకుండానే పెట్టెలో పడింది. బాచన చంకలో ఈమారు చెక్కకోతి ఉంది. దాని తాడు లాగి, "ఇది మా పోలమకు నాకంటే ముందు చుట్టమైపోతుంది చూడండి" అని నవ్వబోయి, నవ్వు రాక ఊరుకొన్నాడు. ఓడలు పోయాయి. రేవులో నిలిచి వెన్నిశెట్టి తెరచాపలు కనబడేంతవరకు చూశాడు. కనబడకుండా పోయాక కూడా చూశాడు.

మరి నాలుగేండ్లు గడిచాయి. పట్టుపావడా పూర్తయింది. చివరిది చెప్పుల జత. అడుగు వేస్తే పిచ్చుకల్లా కిచకిచమనే చెప్పులు. చెప్పులు కుట్టే ముసలివాడు రెండవ ముడిదాకా కొలిచి, జానెడైనా లేని ఆ తోలు చూసి, "ఎనిమిదేండ్లనుంచి ఇక్కడే ఉన్నావని వీధంతా అంటారే. నీకు ఇంకా ఇంత పసిపిల్ల ఉందా?" అన్నాడు. మొదటిసారి ఆ తోలు వెన్నిశెట్టి కంటికీ మరీ చిన్నదిగా కనబడింది. అయినా చెప్పులు తీసుకొన్నాడు.

ఈమారు ఓడలు కనబడకముందే అతడు పెట్టెతో రేవులో కూర్చున్నాడు. ఎవరికీ లేని మూడు కానుకలూ సిద్ధం. బాచన దిగివచ్చాడు. అతని తల నెరిసింది.

"దారమేదోయ్ బాచనా?"

"ఈసారి దారం లేదు శెట్టిగారూ."

"అంత కోపమా కుందమకు?"

బాచన నేలవంక చూశాడు. "కోపగించడానికి ఆ తల్లి ఉంటే కదయ్యా! మూడేండ్లయింది. పోయినసారి మేము తిరిగి వెళ్లాక ఏడాది బతికింది. మీరు దిగలేదని చెబితే, 'దారం చూశారా?' అని ఒకటే అడిగింది. నేనేం చెప్పను? చూస్తానన్నారు అని చెప్పాను."

వెన్నిశెట్టి పెట్టె తెరిచి అడుగునుంచి దారపు ఉండ తీశాడు. నాలుగేండ్ల పసుపు రాలి ఒడిలో పడింది. మొదటి ముడి ఉంది. రెండవ ముడి ఉంది. తొమ్మిదేండ్ల మైలమ ఎత్తు ఉంది. కాని దారం అక్కడ ఆగలేదు. ఆ తరువాత కుంకుమ అద్దిన మూడవ ముడి ఒకటి ఉంది. అక్కడినుంచి చివరి కొసవరకు ఒక చిన్న కొలత. కుంకుమ ముడి ఇల్లాలిది, ఆ కొలత ఆమె ముంజేతిది.

అతడు ఆ కొసను పక్షుల గాజు లోపలివైపు చుట్టి చూశాడు. అయిదేండ్ల పిల్లకోసం చేయించిన గాజు. కొలత సరిగ్గా సరిపోయింది.

"చిక్కిపోయిందయ్యా" అన్నాడు బాచన. "చేతిగాజులు నిలవక మోచేతిదాకా జారేవని ఆ తల్లి పోయాక గాని మా ఆడది చెప్పలేదు. జబ్బు సంగతి నాతో చెప్పించమని బతిమాలితే ఆ తల్లి ఒప్పుకోలేదట. 'ముడి చూస్తే ఆయనకే తెలుస్తుంది. కొలతలు తెలిసిన మనిషి' అన్నదట."

చుట్టూ మూటలు దించేవారు అరుస్తున్నారు. వింతలవీధిలో ఎవరో మట్టిపిట్టను ఊదుతున్నారు. ఆ ముడి పడిన నాటికే ఈ గాజులు తన పెట్టెలో ఉన్నాయి. ఆ ఓడ ఎక్కి ఉంటే అవి ఆ చేతికి పట్టేవి.

ఆ గాలికే అతడు ఓడ ఎక్కాడు. రెండు దారాలూ రెండు చేతులకు చుట్టుకొని, అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు.

శంఖవేల రేవులో జనం మూగి ఉన్నారు. ఓడ ఒడ్డుకు తగలకముందే ఒక పిల్ల "నాయనా!" అని కేకవేసి, నీళ్లలో మోకాలిలోతుకు పరుగెత్తుకొని వచ్చింది. పోలమ. బాచన తల ఊపే బొమ్మను ఎత్తి చూపాడు.

"ఇంత పిల్లకు ఇంకా బొమ్మలేనా నాయనా! సిగ్గు లేదూ నీకు?" అంటూనే దాన్ని గుంజుకొని గుండెకు హత్తుకొంది.

వెన్నిశెట్టి పెట్టె మోసుకొని దిగాడు. పదమూడేండ్ల పిల్ల ఒకతె మడతపెట్టిన బట్ట ఏదో చేత పట్టుకొని, దిగినవారినందరినీ పరికించి చూస్తూ అతని దగ్గరకు వచ్చింది.

"అయ్యా, వెన్నిశెట్టిగారని ఈ ఓడలో వస్తున్నారేమో, మీరెక్కడైనా చూశారా?"

అతడు పెట్టెను ఇసుకమీద దించాడు.

"నేనేనమ్మా."

మైలమ ఒక అడుగు వెనక్కి వేసింది. తేరిపార చూసింది. తరువాత వంగి, ఇంటికి వచ్చిన అతిథికి మొక్కినట్టు మొక్కింది. చేతిలోని బట్ట అందించింది.

"మీకోసమే కుట్టాను. అంగీ. మీ కొలత ఎవరినడిగినా గుర్తులేదన్నారు. నాకు గుర్తున్నంతలో కుట్టాను."

వెన్నిశెట్టి ఆ రేవులోనే అంగీ తొడుక్కొన్నాడు. అది అతని పాదాలను దాటి ఇసుకలో పడింది. చేతులు లోపలే ఉండిపోయాయి. అయిదేండ్ల పిల్ల తల వెనక్కి వాల్చి చూసిన మనిషి కొలత అది.

"ఇంత పొడుగనుకొన్నాను" అంది మైలమ, చిన్నబోయి.

అతడు పెట్టె తెరిచాడు. గాజు ఆమె నాలుగు వేళ్లు దాటలేదు. పావడా మోకాళ్లవరకైనా రాలేదు. చెప్పులో రెండు వేళ్లు పట్టాయి. అతని చేతిలో అది ఒకసారి కిచకిచమంది. మైలమ నవ్వలేదు.

"చాలా బాగున్నాయండీ" అంది. "పదండయ్యా, ఎండెక్కుతోంది."

ఆమె రెండు కాళ్లతో నెమ్మదిగా ముందు నడిచింది. అంగీ కాళ్లకు అడ్డుపడుతూ ఉంటే అతడు వెనుక నడిచాడు. ఇల్లు చేరాక ఆమె అతని చేతులనుంచి దారాలు రెండూ విప్పి, నియమం ప్రకారం తులసి మొదట పూడ్చింది. కొత్త దారం కట్టలేదు.

మూడవనాటికి బాచన తెచ్చిన బొమ్మ తల ఊడిపోయింది. తండ్రీకూతుళ్లు అరుగుమీద కూర్చొని, ఒకరినొకరు తిట్టుకుంటూ, బంకపెట్టి అతికించుకొన్నారు. వెన్నిశెట్టి గాజులు మాత్రం చెక్కు చెదరలేదు. ముప్పదిరెండు పక్షులూ అలాగే ఉన్నాయి. ఎవరి చేతికీ ఎక్కలేదు.

అలలు అన్నీ విన్నాయి, కథ ఒడ్డుకు చేరింది. బిడ్డలారా, మనవారు మనకోసం పెరగకుండా ఆగరు, పోకుండానూ ఆగరు. ఎంత చిన్నదైనా సరే, వేళకు ఇల్లు చేరి మన చేత్తో ఇచ్చిందే కానుక.