నక్క గోడకి అంటించిన కాగితం

కొండ కింద మామిడితోటలో కంప్యూటరుతో నడిచే నీళ్ల గది ఉంది. బయటి తెర మీద సరైన చోట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, లోపల తొట్టి నిండుతుంది. వాగు ఎండిపోయాక అడవి మొత్తానికీ అదే దిక్కు. ఆ తెర గుట్టు నక్క ఒక్కదానికే తెలుసు.

"వాడే విధానం" అని కాగితం రాసి గోడకి అంటించింది కూడా. అందులో కంప్యూటరు ఎంత గొప్పదో ఉంది, రాసినవారు ఎంత గొప్పవారో ఉంది. ఆపైన "తలుపు తెరుచుకున్నాక సెట్టింగ్స్ చూసుకోండి" అని ఉంది. తలుపు ఎలా తెరవాలో మాత్రం లేదు. చదివి బుర్ర గోక్కున్నవాళ్లంతా చేపో గుడ్డో పట్టుకుని తన దగ్గరికే వస్తుంటే నక్కకి హాయిగా ఉండేది.

ఓ మధ్యాహ్నం అవతలి కొండ నుంచి ముళ్లపంది నాలుక పిడచకట్టుకుపోయి వచ్చింది.

"నక్క బావా, ఎంత చదివినా అర్థం కాలేదు. ముందు ఏం నొక్కాలి?"

"అందరికీ తెలిసిందే, అదీ రాయాలా బావా? సరేలే, ఏం తెచ్చావు?"

ముళ్లపంది తెచ్చిన ముంజలు లాగించి, నక్క తెరకి అడ్డంగా నిలబడి ఏదో నొక్కింది. తలుపు తెరుచుకోగానే అది మళ్లీ మూసుకుపోకుండా అలవాటుగా గడపలో రాయి పెట్టి, దర్జాగా లోపలికి నడిచింది. వెనకే వస్తున్న ముళ్లపంది ఆ రాయిని పక్కకి తోసింది. తలుపు ధడాలున మూసుకుంది.

"రాయెందుకు తీశావయ్యా!" లోపల్నించి నక్క అరిచింది.

"కాగితంలో రాయి ఊసే లేదు బావా. కాలికి అడ్డమొస్తోందని తీశాను."

ఆ తలుపు బయటి తెర నుంచి తప్ప తెరుచుకోదు. పొద్దు వాలితే తోట కాపలావాడు కుక్కలతో వస్తాడు.

"మోడ్ మార్చు! మాన్యువల్‌లో పెట్టు!"

"మోడంటే ఏంటి బావా? నేను ఇవాళే కదా వచ్చాను."

కేకలకి కుందేళ్లూ జింకలూ పోగయ్యాయి. దూరంగా కుక్క మొరిగింది. ఇక గుట్టు దాచుకుంటే ప్రాణం దక్కదు.

"తెర అడుగున పచ్చ చుక్క ఉంది, చూశావా? దాని మీద కాలు పెట్టు. గంట మోగేదాకా తియ్యకు. మోగకపోతే కాలు తడిగా ఉన్నట్టు. తుడుచుకుని మళ్లీ పెట్టు."

"ఇంత తేలికా! ఇంకోసారి చెప్పు బావా, వెనకవాళ్లకి వినబడలేదట" అంది ముళ్లపంది, ముసిముసిగా నవ్వుతూ.

నక్క గొంతు చించుకుని అంతా మళ్లీ చెప్పింది. "గడపలో రాయి పెట్టడం మరవకండి" అని ఏడుపుగొంతుతో చేర్చింది. ముళ్లపంది చుక్క మీద కాలు పెట్టింది, గంట మోగింది, తలుపు తెరుచుకుంది. నక్క బయటపడి వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

మర్నాడు వచ్చి చూస్తే తన కాగితం లేదు. ఆ చోట ముళ్లపంది అంటించిన కొత్త కాగితం ఉంది. పచ్చ చుక్క నుంచి రాయిదాకా, అన్నీ నిన్న తను అరిచిన మాటలే. అప్పుడే అడవికి కొత్తగా వచ్చిన దుప్పి ఒకటి అది చదువుకుని, ఎవరినీ అడక్కుండా తలుపు తెరిచి, రాయి పెట్టి, కడుపారా నీళ్లు తాగి వెళ్లింది. నక్క వైపు చూడనైనా లేదు.

నీతి: తెలియనివాడు ఎక్కడ ఆగిపోతాడో అక్కణ్ణించి చెప్పిందే సాయం.