మూడోసారి అడిగినప్పుడు

మొదటి నెలలో సరిహద్దుకు వెళ్లిన బియ్యం నూరు బండ్లు. ఇప్పుడు ముప్పై దాటడం లేదు. గాదెల్లో చూస్తే బియ్యానికి కొరత లేదు. తినే నోళ్లే తగ్గాయి.

కృష్ణ ఒడ్డున కొండమీది విహారంలో ఉండే రేవతుడనే యువభిక్షువు వేసిన లెక్క ఇది. సైన్యానికి తిండి మోసే బండ్లు విహారం మెట్ల కిందుగానే పోతాయి. రాజుగారి దండోరా మాత్రం ప్రతిసారీ జయమే అని చెబుతోంది.

ఆ సాయంత్రం ఊరి చావడిలో కొత్త దండుకు మనుషులను అడుగుతారు. ఈసారి పదహారేళ్లు నిండినవాళ్లను. రేవతుడి తమ్ముడికి మొన్ననే నిండాయి.

రాజోద్యోగి మూడుసార్లు అడుగుతాడు. కాదనేవాళ్లు మాట్లాడాలి. ఎవరూ మాట్లాడకపోతే ఊరు ఒప్పుకున్నట్టే. ఈ పద్ధతిని ఊరు విహారం నుంచే నేర్చుకుంది. కిందటిసారి విధికుడనే కుమ్మరి నోరు తెరిచాడు. వాళ్లింట్లో ఇప్పుడు సారె తిరగడం లేదు.

రేవతుడు గురువు సుమనుడి దగ్గరికి వెళ్లాడు.

"భంతే, ఈ యుద్ధానికి నేను మాటసాయం కూడా చేయలేదు. కిందటిసారి చావడిలో తలవంచుకుని నిలబడ్డాను, అంతే. ఈ పాపం నాకూ అంటుతుందా?"

సుమనుడు చీవరానికి అతుకు వేసుకుంటున్నాడు. "ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు. నా కంటికి ఆనడం లేదు" అన్నాడు.

ఆ రోజు పున్నమి. మధ్యాహ్నం భిక్షువులంతా కూర్చున్నాక సుమనుడు లేచాడు.

"సంఘం వినాలి. సుమనుణ్ణి ఈ విహారం నుంచి పంపేస్తున్నాం. ఒప్పుకునేవారు మౌనంగా ఉండండి. ఒప్పుకోనివారు మాట్లాడండి."

ఎవరో నవ్వారు. పక్క భిక్షువు రేవతుడి వైపు వంగి, "పెద్దాయనకి మతి తప్పిందా, మనకి పరీక్షా?" అన్నాడు.

"పరీక్షే. కదలకు" అన్నాడు రేవతుడు.

రెండోసారి అడిగినప్పుడు ఎవరూ నవ్వలేదు. అందరూ కూర్చున్నవాళ్లలో పెద్దవాడైన భిక్షువు వైపు చూశారు. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

సుమనుడు మూడోసారి అడిగాడు. ఇంతమందిలో ఎవరో ఒకరు అంటారులే అనుకున్నాడు రేవతుడు.

"సంఘానికి ఇష్టమే. అందుకే మౌనంగా ఉంది" అని సుమనుడు భిక్షాపాత్ర తీసుకుని బయటికి నడిచాడు.

రేవతుడు పరుగెత్తి వాకిలి దగ్గర అందుకున్నాడు.

"భంతే, మేమెవరమూ మిమ్మల్ని పొమ్మనలేదు."

"మరి నన్నెవరు పంపుతున్నారు, రేవతా?"

"వెనక్కి రండి. సంఘాన్ని మళ్లీ కూర్చోబెడతాను."

"మూడుసార్లు అడిగాను కదయ్యా."

రేవతుడు మెట్ల మీద కూలబడ్డాడు. "నేను మాట్లాడినా యుద్ధం ఆగదు భంతే. నన్నూ విధికుడిలాగే చేస్తారు. తమ్ముణ్ణి ఎలాగూ తీసుకుపోతారు."

"తీసుకుపోతారు" అన్నాడు సుమనుడు. "నువ్వు ఒప్పుకుంటే తీసుకుపోయామని మాత్రం చెప్పుకోలేరు."

ఆయన బండ్ల బాట పట్టి వెళ్లిపోయాడు.

కింద చావడి దగ్గర డప్పు మోగింది. రేవతుడు లేచి మెట్లు దిగసాగాడు. గొంతు పలుకుతుందో లేదో చూసుకోవడానికి "కాదు" అని ఒకసారి అన్నాడు.

తనకే సరిగా వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అనాలి.