మెట్లు లేని సింహాసనం

నీలగుట్ట రాజ్యాన్ని ఒకప్పుడు ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే కానీ, డాబు జాస్తి. అంతఃపురం పిల్లలకు లెక్కలు నేర్పే పని ఆస్థాన విదూషకుడు కొమ్మనది.

ఒకనాడు రాజు పాఠం చూడవచ్చాడు. రాకుమారి కనకాంగి పలక నిండా వరస కింద వరస రాస్తూ భాగహారం చేస్తోంది.

"ఏమిటీ చాంతాడంత లెక్క?" అని రాజు కొమ్మన మీద కళ్లెర్రజేశాడు. "నా బిడ్డ అడగ్గానే జవాబు చెప్పాలి! రేపు సభలో పరీక్షిస్తాను. మధ్యలో ఒక్క వరస రాసినా, పలికినా, నీకిక్కడ కొలువు లేదు."

రాజు అటు వెళ్లగానే కనకాంగి పలక పక్కకు నెట్టేసింది. "నాకు లెక్కలు రావు గురువుగారూ" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

అంతదాకా హుషారుగా చేస్తున్న పిల్ల ఆ మాట అనేసరికి కొమ్మనకు కొలువు పోతుందన్న దిగులు కూడా గుర్తురాలేదు.

మర్నాడు సభకు వచ్చిన ఉద్దండవర్మ నిలబడిపోయాడు. ఎత్తయిన వేదిక మీద సింహాసనం ఉంది కానీ, ఎక్కే చెక్కమెట్లు లేవు. అంచు పట్టుకుని ఎగబాకబోయాడు. కిరీటం చెవి మీదికి జారింది. సభికులు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు.

"మెట్లు తీసిందెవరు?"

"నేనే ప్రభూ. తమంతటివారు తలచుకోగానే పైన ఉండాలి. మధ్యలో మెట్లెందుకు?" అన్నాడు కొమ్మన.

"మెట్టు లేకుండా ఎలా ఎక్కనయ్యా!"

"నిన్న రాకుమారికీ అదే తెలియక ఏడుపొచ్చింది ప్రభూ."

రాజు కూతురి వైపు చూశాడు. గొంతు తగ్గించి, "తొమ్మిది వందల యాభై రెండు మామిడిపళ్లు ఏడుగురికి పంచు తల్లీ. నిదానంగా, వరసలు చెప్పుకుంటూనే" అన్నాడు.

కొమ్మన సైగ చేశాడు. భటులు మెట్లు తెచ్చి అమర్చసాగారు.

"తొమ్మిదిలో ఏడు ఒకసారి పోతుంది. మిగిలింది రెండు. పక్కనున్న ఐదు దించితే ఇరవై ఐదు" అంది కనకాంగి. రాజు మెట్టెక్కాడు.

"ఏడు మూళ్లు ఇరవై ఒకటి. తీసేస్తే నాలుగు. రెండు దించితే నలభై రెండు." ఇంకో మెట్టు.

"ఏడు ఆర్లు నలభై రెండు. మిగిలింది సున్నా! మనిషికి నూట ముప్పై ఆరు!"

సింహాసనం మీద కూలబడి రాజు పగలబడి నవ్వాడు. కొమ్మనను దగ్గరికి పిలిచి తన ముత్యాలహారం తీసి మెడలో వేశాడు. వేస్తూ, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు:

"పక్క అంకె దించడం దగ్గర నాకు చిన్నప్పటి నుంచీ తికమకే కొమ్మనా. రేపు పాఠానికి నేనూ వస్తాను."

"మహాభాగ్యం ప్రభూ! పలక మాత్రం తమరే తెచ్చుకోవాలి."