మేక కూడా ముట్టని పంట

గుట్ట అవతల, వాగు ఒడ్డున పశువులకు ఓ నల్లరేగడి చెక్క ఉండేది. మైలెద్దు దున్నేది, కర్రావూ మేకా చేతనైనంత సాయం పట్టేవి. ఏటా జొన్నే. గింజలు పిట్టలు తిన్నా, చొప్ప మాత్రం జాగ్రత్తగా వామి వేసుకునేవి. ఎండాకాలం గుట్ట మీద పచ్చిపోచ కూడా దొరకదు మరి, ఆ వామే వాటి ప్రాణం.

మైలెద్దుకు ఓ జబ్బుంది. "నీ అంత రైతు లేడు" అంటే చాలు, మెడ దానంతట అదే కాడి కిందికి వెళ్లిపోతుంది. ఆ సంగతి గుట్ట మీద గుహలో ఉండే నక్కకు తెలుసు. నక్కకు తెలియనిదల్లా ఒళ్లొంచి పనిచేయడమే.

తొలకరికి ముందు అది ఓ గడ్డి దుబ్బు పట్టుకొచ్చింది.

"మామా, నీ అంత రైతు ఇంకా జొన్న వేయడమేంటి? చూస్తే నాకే సిగ్గుగా ఉంది. ఇది నిమ్మగడ్డి. కోసి బట్టీలో ఆవిరి పట్టిస్తే నూనె దిగుతుంది. సబ్బులకీ అత్తర్లకీ పట్నంలో ఎగబడి కొంటారు. పురుగుమందు చుక్క పడకూడదు, మీ పేడే ఎరువు. బట్టీ సంగతి నేను చూసుకుంటా."

తమ పేడకు పట్నంలో అంత మర్యాద ఉందని ఎద్దుకు అప్పుడే తెలిసింది.

మేక ఓ ఆకు కొరికి, నమిలి, తుపుక్కున ఉమ్మేసింది. "తుమ్మముళ్లు తిన్నా, గోడమీది పోస్టర్లు తిన్నా. ఇది మాత్రం నా వల్ల కాదు నాయనా."

"అదే అత్తా దీని గొప్ప," అంది నక్క. "పశువు ముట్టదు. కంచె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు."

ఎద్దు పకపకా నవ్వింది. "మేకే ముట్టని పైరు ఇంకెవరు ముడతారు? దొంగల బెడద వదిలింది." ముట్టని ఆ పశువుల్లో తానూ ఒకటని దాని బుర్రకు తట్టలేదు.

కర్రావు అప్పటికే చూలుతో ఉంది. "అన్నా, ఓ మూల కాస్త జొన్న ఉంచు. ఎండలొచ్చేసరికి బిడ్డకు పాలివ్వాలంటే నాకు మేత ఉండాలి," అంది.

"జొన్న కలిస్తే నూనె వాసన చెడుతుంది," అంది నక్క.

ఎద్దు చెల్లెలి ముఖం కూడా చూడలేదు. "నూనె అమ్మితే నీకు తెలగపిండే పెట్టిస్తా, ఊరుకో," అని చెక్క చెక్కంతా నిమ్మగడ్డే నాటింది.

వానలు బాగా పడ్డాయి. గడ్డి ఏపుగా లేచింది. దారినపోయే కుందేళ్లు కూడా ఆగి, "ఏం రైతువయ్యా నువ్వు," అనేవి. ఎద్దు రోజూ గట్టెక్కి ఆ వాసన పీల్చి మురిసిపోయేది.

కోతకొచ్చాక నక్క బట్టీ పెట్టింది. "మంటకు చొప్ప కావాలి మామా. నూనె ఇంటికొస్తుంటే ఇంకా ఆ పాత వామి ఎందుకు?" అంది. ఎద్దే ఆ వామినంతా వీపు మీద మోసి నక్క గుహ ముందు దించింది. నూనె దిగింది. సీసాలు నిండాయి. ఎండల్లో ధర పెరుగుతుందని నక్క చెబితే, ఎద్దు వాటిని అమ్మకుండా దాచుకుంది.

ఎండలొచ్చాయి. వాగు ఎండింది, గుట్ట మాడింది. కర్రావు ఈనింది గానీ, మేత లేక పొదుగు వట్టిపోయింది. దూడ ఆకలికి ఆగలేక నిమ్మగడ్డి మోళ్లు కొరికి, నోరు మండి తల్లి కేసి చూసింది. ఎద్దు ఆ చూపు తట్టుకోలేక, సీసాలన్నీ మెడకు కట్టుకుని నక్క దగ్గరికి పరుగెత్తింది.

"ఇవన్నీ తీసుకో అల్లుడూ. కాస్త మేత ఇప్పించు."

నక్క గుహలోంచి ఓ చొప్ప కట్ట లాగింది. ఎద్దు వాసన చూసింది. తన జొన్నే.

"ఇది నా వామి. కాల్చేశావనుకున్నా."

"నూనె తీసిన గడ్డే ఎండితే బ్రహ్మాండంగా మండింది మామా. చొప్ప అవసరమే రాలేదు. నువ్వు నాకిచ్చేశావు కనక నాదే. కావాలంటే ఈ నూనె ఇవ్వు, వచ్చే ఏటిదీ ఇస్తానని మాటివ్వు."

"వచ్చే ఏటిది కూడానా?"

"ఆలోచించుకో. నాకేం తొందర లేదు."

ఎద్దుకు ఒళ్లు మండిపోయింది. కుమ్మి పారేద్దామనుకుంది. దూడ గుర్తొచ్చి కొమ్ములు దించుకుంది. "సరే," అంది.

కట్ట మోసుకుంటూ వచ్చేసరికి దూడ ప్రాణం పోయింది. మేక పక్కనే నిలబడి ఉంది. ఎద్దు చొప్పను ఆవు ముందు పెట్టింది.

"తిను చెల్లీ. వచ్చే ఏటి పంట కూడా వాడికే ఇస్తానని ఒప్పుకుని తెచ్చాను."

ఆవు కట్టను మూతితో ఎద్దు వైపే నెట్టింది.

"నువ్వే తిను అన్నా. వాడి పంట పండించాలిగా, ఒంట్లో సత్తువుండాలి."

తన ఇంట్లో ఎవరూ తినలేని పంటను పొలమంతా వేసుకున్నవాడు, తిండి కోసం ఆ పొలాన్నే పరాయివాడి చేతిలో పెట్టాల్సి వస్తుంది.