వెనక్కి నడిచే మనిషి

అయ్యవారిని ప్రశ్న అడగాలంటే మాకందరికీ కాస్త జంకే. కోప్పడతారని భయం లేదు, ఆయన ఎన్నడూ కోప్పడరు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెబుతారు, అదీ మా భయం. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న ఒక ప్లీడరుగారిని కూర్చోబెట్టి చింతపండులో గింజలు తీయించారు. ఆయనకి మనసు నిలిచిందో లేదో నాకు తెలియదు గానీ, ఆ ఏడు ఆరాధన పులిహోరలో ఒక్క గింజ పంటికి తగల్లేదు.

అయ్యవారి ఆశ్రమం నాగావళి ఒడ్డున ఉంది. ఏటా పెద్దగురువుల ఆరాధనకి ముందే నేను అక్కడికి పోయి కూరలు తరుగుతాను. నాకు వేదాంతం ఒంటబట్టలేదు, కత్తిపీట మాత్రం బాగా పట్టుబడింది. కాబట్టి వంటశాలలో జరిగిన ఈ సంగతి నేను ఎవరి దగ్గరో విన్నది కాదు, వంకాయలు తరుగుతూ కళ్ళారా చూసింది.

ప్రశ్న అడిగినవాడు కామేశం. ఏదో పెద్ద కంపెనీలో చాలామంది చేత పనిచేయించిన మనిషి. అదంతా వదులుకుని వస్తే అయ్యవారు అతనికి వంటశాల అప్పజెప్పారు. మంచివాడు. ఎదుటివాడికి కాలు బెణికితే తను కుంటే రకం. వచ్చిన కొత్తలోనే ఒక సంగతి కనిపెట్టాడు. ఇంతమందికి వండిపెట్టే వంటవాళ్ళని తిన్నవాడెవడూ పేరు పెట్టి పిలవడు, బాగుందని ఒక్క మాట అనడు. ఇది అన్యాయమనుకున్నాడు. నిజంగా అన్యాయమే. దాన్ని సరిచెయ్యబోయి అతను తెచ్చిపెట్టిన తంటా గురించే నేను చెబుతున్నది.

అన్నం వార్చే పని గౌరునాయుడిదీ పైడయ్యదీ. పైడయ్య చెల్లెల్ని గౌరునాయుడు చేసుకున్నాడు, ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. అక్కడ వంట గాడిపొయ్యి మీద. పొయ్యికీ గోడకీ మధ్య సందు ఎంత ఇరుకంటే, గుండిగని చెరో కడియం పట్టుకుని దించాక పక్కపక్కన నడవడానికి చోటుండదు. ఒకడు ముందుకి నడవాలి, రెండోవాడు వెనక్కి నడవాలి. అలా పోయి, రెండు మెట్లు దిగి, రాతి గట్టు మీద పరిచిన వెదురు గంపలో అన్నం ఒంపాలి. ముందుకి నడిచేవాడు గౌరునాయుడు. వెనక్కి నడిచేవాడు పైడయ్య.

మధ్యలో సలసల కాగే గంజి. దాని ఆవిరిలో ఒకడి మొహం ఒకడికి కనిపించదు. అందుకని వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. గౌరునాయుడు "బావా, ఎత్తుతున్నా" అనేవాడు. పైడయ్య "ఆఁ" అనేవాడు. "బావా, మెట్టు." "ఆఁ." "బావా, కింద తడి." "ఆఁ." పైడయ్య నోట ఆ ఆఁ వచ్చేదాకా గౌరునాయుడు అడుగు తీసి అడుగు వెయ్యడు. కొత్తగా వచ్చినవాళ్ళు విని నవ్వుకునేవాళ్ళు. నేనూ మొదట్లో నవ్వాను. పైడయ్య ఆ దారిలో ఒక్కసారి కూడా తల తిప్పి చూసుకోవడం నేను ఎరగను.

ఉగాదినాడు కామేశం సభ పెట్టాడు. పనిచేసేవాళ్ళకి ఉత్సాహం కలగాలంటే గుర్తింపు ఉండాలన్నాడు. ఉత్తమ సేవకుడని గౌరునాయుణ్ణి పిలిచి, జరీ అంచు శాలువా కప్పి, "పదిమందికీ దారి చూపేవాడు ఇతనే" అన్నాడు. తను తీసిన ఫొటో ఒకటి పెద్దది చేయించి, వంటశాల గుమ్మం పక్కన కట్టించాడు. గుండిగ మీది ఆవిరిలోంచి గౌరునాయుడి మొహం చెమటతో మెరుస్తూ ఉంటుంది ఆ ఫొటోలో. బాగా వచ్చింది. అంచున ఎవరిదో వీపు సగం పడింది గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు. అందరం చప్పట్లు కొట్టాం. పైడయ్య కూడా కొట్టాడు.

మర్నాడు పొద్దున గుండిగ ఎత్తారు. "బావా, మెట్టు" అన్నాడు గౌరునాయుడు.

"నాకు దారి తెలుసు బావా. శాలువా లేకపోయినా కాళ్ళున్నాయి. నువ్వేటీ చెప్పక్కర్లేదు" అన్నాడు పైడయ్య.

గౌరునాయుడి మొహం చూడాలి. శాలువా తనేం అడిగి తెచ్చుకున్నాడా? "సరే, చెప్పను" అన్నాడు. ఇద్దరూ ఇద్దరే. పట్టు పడితే ఉడుం వీళ్ళ దగ్గర నేర్చుకోవాలి. అప్పట్నించి ఆ సందులో మాట లేదు. ఎత్తేటప్పుడు లేదు, దించేటప్పుడు లేదు. పైడయ్య పాదంతో నేల తడుముకుంటూ వెనక్కి పోవడం, గౌరునాయుడు పళ్ళు బిగించుకుని ముందుకి నడవడం.

అది చూడలేక చచ్చేవాళ్ళం. గుండిగ పొయ్యి దిగిందంటే నా కత్తిపీట ఆగిపోయేది. పప్పు కలిపేవాడి తెడ్డు ఆగిపోయేది. గంపలో అన్నం పడ్డ చప్పుడు వినిపించాక మళ్ళీ అందరం ఊపిరి తీసుకునేవాళ్ళం. రోజూ ఇదే. కామేశం గుమ్మంలో నిలబడి ఉత్తరీయం కొస నలుపుకుంటూ ఉండేవాడు. అతనికీ తెలుసు ఎప్పుడో ఒకప్పుడు ఏదో అవుతుందని. ఎలా ఆపాలో మాత్రం తెలియదు.

అయ్యింది. ఆరాధన దగ్గర పడ్డాక ఒకరోజు ఎవరో తడి గోనెసంచి ఆ సందులో పడేసి పోయారు. గౌరునాయుడు చూశాడు. అతని నోరు తెరుచుకోవడం నేను చూశాను, మళ్ళీ మూసుకోవడమూ చూశాను. ఈలోపు పైడయ్య కాలు జారింది. గుండిగ ఒరిగింది. ఇద్దరూ ఎలాగో నిలబెట్టారు గానీ, అంచు దాటిన గంజి పైడయ్య మడమ మీద పడింది. తోలు ఊడి వచ్చింది. గౌరునాయుడు గుండిగ దించి రాయిలా నిలబడిపోయాడు. మధ్యాహ్నం భార్య చేత మందు పంపించాడు. చెల్లెలు కదా అని పైడయ్య మందు పుచ్చుకున్నాడు, ఎవరు పంపారని మాత్రం అడగలేదు.

ఆ పూటే పైడయ్య బట్టలు సంచిలో సర్దుకున్నాడు. ఆరాధన దాకా ఉండనన్నాడు. కామేశం పరుగెత్తుకుంటూ పోయి, ఈసారి శాలువా నీకే కప్పిస్తాను పైడయ్యా అన్నాడు.

"ఎండాకాలం బాబూ, ఎక్కడ కప్పుకుంటాను? పోనీ మసిగుడ్డకైనా పనికొస్తుందంటే జరీ ఆయె, అంటుకుంటుంది" అన్నాడు పైడయ్య. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కామేశానికి కాస్త నయంగా ఉండేది.

మర్నాడు పొద్దున అయ్యవారు వంటశాల అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తున్నారు. కామేశం వచ్చి ఎదురుగా చతికిలపడ్డాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"అయ్యవారూ, మనుషులకి పనిమీద ఉత్సాహం ఎలా నిలబెట్టాలి? నలుగురూ ఒక చెయ్యిలా పనిచెయ్యాలంటే ఏం చెయ్యాలి? నాకు తెలిసిందంతా చేశాను. చేసినకొద్దీ చెడుతోంది. పైడయ్య వెళ్ళిపోతే ఆరాధన ఎలా గడుస్తుందో తెలియదు. ఉంటే ఎవరు కాలిపోతారో తెలియదు. నాకు కంటిమీద కునుకు లేదు."

అయ్యవారు పుల్ల పక్కన పడేసి, "అన్నం ఉడికిందా?" అని అడిగారు.

"ఉడికిందండి."

"పైడయ్య కాలు బాగాలేదు కదా. ఈ పూట అతని కడియం నువ్వు పట్టు."

గౌరునాయుడు పొయ్యి దగ్గర్నించి విన్నాడు. "ఆయనకి అలవాటు లేదండి" అన్నాడు కంగారుగా.

"నీకుందిగా" అన్నారు అయ్యవారు, మళ్ళీ కరివేపాకు అందుకుంటూ.

కొడుకు వాసు వచ్చేదాకా పైడయ్య గోడవార పీట మీద కూర్చుని ఉన్నాడు. ఊరికి తీసుకుపోవడానికి వస్తానన్నాడు వాసు. సంచి పక్కనే ఉంది. కట్టు కట్టిన కాలు చాపుకుని చూస్తున్నాడు.

కామేశం పంచె పైకి దోపుకుని, మసిగుడ్డ తీసుకుని, కడియం పట్టాడు. ఎత్తారు. ఆ బరువుకి అతని మెడనరాలు లేచాయి. ఆవిరి మొహాన కొట్టింది. అంతే, ఎదుట గౌరునాయుడు మాయమైపోయాడు. వెనక ఏముందో తెలియదు. ఎదుట ఎవరున్నారో కనిపించదు. చేతుల మధ్య కాగుతున్న గంజి ఒక్కటే ఉంది. ఆ క్షణాన, తన సంసారాన్ని ఇన్నేళ్ళూ ఇలాగే కనపడకుండా మోసిన ఇల్లాలు గుర్తొచ్చిందని తరవాత అతనే నాతో చెప్పాడు.

ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. మడమ గోడకి తగిలింది. గుండిగలో గంజి కదిలిన చప్పుడు మా అందరికీ వినిపించింది. "నాయుడూ" అన్నాడు కామేశం. "ఏదైనా చెప్పవయ్యా. వెనకేముంది?"

జవాబు రాలేదు. గౌరునాయుడు పగతో ఊరుకున్నాడని నేను అనుకోను. ఇన్నాళ్ళు మూసుకున్న నోరు, ఏమని పిలవాలో ఎలా మొదలుపెట్టాలో తెలియక పెనుగులాడి ఉంటుంది. కామేశం కాలు మెట్టు అంచు కోసం గాల్లో తడుముతోంది. పంచె కొస దోపు ఊడి జారింది. నేను లేవబోయి కత్తిపీట మీద చెయ్యి కోసుకున్నాను, ఆ సంగతి తరవాత గాని తెలియలేదు.

అప్పుడు ఆవిరిలోంచి మాట వచ్చింది.

"బావా, మెట్టు."

కామేశం ఎవరికీ బావ కాడు. గౌరునాయుడికి ఆ దారిలో ఇంకో మాట రాదు, అంతే. కామేశానికి దానికేమనాలో తెలియలేదు. ఆగిపోయాడు. వంటశాలంతా ఆగిపోయింది.

"ఆఁ" అని వినిపించింది గోడవార నించి.

పైడయ్య. అనాలని అన్నట్టు లేదు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ ఆఁ వినగానే గౌరునాయుడు అడుగు వేశాడు. దాంతోపాటు కామేశం కాలు మెట్టు మీద ఆనింది. "బావా, ఇంకో మెట్టు." "ఆఁ." "బావా, కాస్త ఎడమకి." "ఆఁ." "బావా, పంచె జారింది, చూసుకో." ఈసారి పైడయ్య తన కట్టుకాలు కేసి చూసుకుని, "ఆఁ" అన్నాడు. కడియం మోసేది ఒకడు, పలికేది ఒకడు. ఇద్దరి మధ్యా గౌరునాయుడు గొంతెత్తి ఒక్కొక్క మాటా చెబుతూ, చెబుతూ ఏడుస్తున్నాడు. ఆవిరి వల్ల అనుకున్నాం మొదట.

అన్నం గంపలో పడింది. ఆ చప్పుడు అంత హాయిగా ఎన్నడూ వినలేదు. కామేశం రాతిగట్టు మీద కూలబడ్డాడు. జారిన పంచె అప్పుడు చూసుకుని దోపుకున్నాడు.

పొయ్యి మీద రెండో గుండిగ ఉంది. పైడయ్య గోడ పట్టుకుని లేచి, "ఆ బాబు వల్ల కాదు గానీ, దీన్ని నేను పడతాను" అన్నాడు.

"కాలు మానేదాకా కూర్చో బావా" అన్నాడు గౌరునాయుడు. అతని వైపు చూడకుండానే అన్నాడు. "ఇక్కడే కూర్చో. ఆఁ అను, చాలు."

పైడయ్య సంచిని కాలితో పీట కిందకి తోసి కూర్చున్నాడు. రెండో గుండిగకీ కామేశమే లేచాడు. వాసు వచ్చాడు, భోంచేసి ఒక్కడే వెళ్ళాడు.

వడ్డనలయ్యాక కామేశం గుమ్మం పక్కన స్టూలు వేసుకుని ఫొటో విప్పుతున్నాడు. భోజనానికి వస్తూ అయ్యవారు అక్కడ ఆగారు. కళ్ళజోడు సర్దుకుని ఫొటో దగ్గరగా మొహం పెట్టి చూశారు.

"ఈ అంచున వీపు ఎవరిది, కామేశం?"

కామేశం స్టూలు మీంచే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తీసినవాడు తనే. "పైడయ్యదండి" అన్నాడు మెల్లగా.

"అలాగా" అన్నారు అయ్యవారు. "నేను ఇన్నాళ్ళూ ఆ రెండో కడియాన్ని గాలి పట్టుకుందేమో అనుకున్నాను."